జూదం ఆడనివాళ్లకి లాస్ వెగాస్‌లో ఏముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో ఒక లిస్టు తయారవుతుంది. నయాగరా, న్యూయార్క్, ఆ వెనకే లాస్ వెగాస్. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు "జూదాల ఊరికి పెద్దవాళ్లనా?" అని ముక్కు విరుస్తారు. నేనుండేది లాస్ ఏంజెలెస్ దగ్గర. అక్కణ్ణుంచి వెగాస్ సుమారు 270 మైళ్లు. అందుకని వచ్చిన చుట్టాలందర్నీ అక్కడికి తిప్పే డ్యూటీ నాకే పడింది. ఇన్నేళ్లలో స్లాట్ మెషీన్లలో నేను వేసింది మొత్తం కలిపినా 20 డాలర్లు దాటదు. స్నేహితులు, చుట్టాలు ఫోన్ చేసి పదేపదే అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెడితే బాగుంటుందని ఇది రాస్తున్నాను. టికెట్ల ధరలు, వేళలు అక్కడ తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి.

జూదం ఆడనప్పుడు వెగాస్ దాకా ఎందుకు?

ఊరి చుట్టూ ఉన్న ఎడారి కోసం. ఊళ్లోంచి గంట ప్రయాణంలో ఎర్రటి కొండలు, ప్రపంచంలో పేరున్న ఒక డ్యామ్, చలికాలంలో మంచు పడే 11,916 అడుగుల శిఖరం ఉన్నాయి. రాత్రయ్యాక స్ట్రిప్ అనే ఆ నాలుగు మైళ్ల రోడ్డు మీద దీపాల తిరునాళ్ల. దాన్ని చూడటానికి టికెట్ లేదు. నా లెక్కలో వెగాస్ అంటే పగలు కొండలు, రాత్రి దీపాలు. మధ్యాహ్నం గదిలో నిద్ర. ఈ పద్ధతిలో తిరిగినవాళ్లెవరూ నన్ను తిట్టుకోలేదు.

ఇంకో సంగతి. నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది 1931లో. పక్కనే కొలరాడో నది మీద హూవర్ డ్యామ్ పని మొదలైందీ ఆ ఏడే. కూలిపని కోసం వేలమంది వచ్చారు, వాళ్ల జేబుల్లో జీతం డబ్బులున్నాయి. ఈ ఊరు పెరిగిన కథలో ఆ రెండూ కలిసే ఉంటాయి. ఊరు పేరుకి స్పానిష్‌లో అర్థం "పచ్చిక బయళ్లు". ఒకప్పుడు ఇక్కడ నీటి ఊటలుండేవి. తోడగా తోడగా అవి 1962లో ఎండిపోయాయి. ఆ చోటుని ఇప్పుడు స్ప్రింగ్స్ ప్రిజర్వ్ అనే 180 ఎకరాల తోటగా, మ్యూజియంగా ఉంచారు. పిల్లలతో ఒక పూట గడపడానికి బాగుంటుంది.

క్యాసినోలోకి అడుగు పెట్టకుండా తిరగొచ్చా?

కష్టమే. పెద్ద హోటళ్లలో రిసెప్షన్ నుంచి లిఫ్టుకి వెళ్లాలన్నా, లిఫ్టు దిగి టిఫినుకి వెళ్లాలన్నా స్లాట్ మెషీన్ల మధ్యనుంచే దారి. కావాలనే అలా కట్టారు. బయటికి వెళ్లే బోర్డు మాత్రం వెతుక్కోవాలి. పైగా నెవాడాలో క్యాసినో ఫ్లోర్ మీద సిగరెట్ తాగడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి, పొగ పడనివాళ్లకి ఇదే అసలు ఇబ్బంది.

పొగ వద్దనుకుంటే రెండు దారులున్నాయి. విడారా లాంటి హోటల్లో అసలు క్యాసినోనే లేదు, పొగ తాగడానికీ వీల్లేదు. పార్క్ ఎంజీఎంలో క్యాసినో ఉంది కానీ సిగరెట్ నిషేధం. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు నాకీ సంగతి తెలియదు. ఆవిడ మూడు రోజులూ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే లిఫ్టుకి నడిచారు.

పిల్లల్ని క్యాసినో లోపలికి రానిస్తారా?

దాటి వెళ్లనిస్తారు, ఆగనివ్వరు. 21 ఏళ్లు నిండనివాళ్లు ఆడకూడదు, ఆడేచోట నిలబడకూడదు. అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లిపోతుంటే ఎవరూ ఏమీ అనరు. స్ట్రోలర్ ఆపి మెషీన్ ముందు కూర్చున్నారా, నిమిషంలో సెక్యూరిటీ మనిషి వస్తాడు.

పిల్లలకి నచ్చేవి చెప్పమంటే: సర్కస్ సర్కస్ హోటల్ వెనక గాజు కప్పు కింద అడ్వెంచర్‌డోమ్ అనే ఆటల పార్కు ఉంది, బయట ఎండ ఎంతున్నా లోపల ఏసీ. అదే హోటల్లో ఉచితంగా సర్కస్ ఫీట్లు చూపిస్తారు. ఫ్లమింగో హోటల్ వెనక తోటలో నిజం ఫ్లమింగో పక్షులుంటాయి, దానికీ టికెట్ లేదు. మాండలే బేలో షార్క్ రీఫ్ అక్వేరియం ఉంది, దానికి డబ్బు కట్టాలి.

స్ట్రిప్ మీద పైసా ఖర్చు లేకుండా చూడదగ్గవేమిటి?

మొదటిది బెలాజియో హోటల్ ముందు ఫౌంటెన్లు. ఎనిమిదిన్నర ఎకరాల కొలను, 1,200 పైచిలుకు నీటి గొట్టాలు, పాటకి తగ్గట్టు ఆడే నీళ్లు. హైదరాబాద్ లుంబినీ పార్కులో మ్యూజికల్ ఫౌంటెన్ చూసినవాళ్లకి సంగతి తెలిసిందే, కాకపోతే ఇక్కడ నీళ్లు 460 అడుగుల దాకా లేస్తాయి. గొట్టాలు పేలినట్టు చప్పుడొస్తుంది, గాలి మనవైపు ఉంటే తుంపర మీద పడుతుంది. సాయంత్రం అరగంటకోసారి, రాత్రి ఎనిమిది దాటాక పావుగంటకోసారి వేస్తారు. గాలి మరీ ఎక్కువైతే ఆపేస్తారు. ఒక పాట చూసి వెళ్లిపోకండి. ప్రతిసారీ పాట మారుతుంది, నీళ్ల ఆటా మారుతుంది. మూడు చూస్తే గానీ తృప్తి ఉండదు.

అక్కణ్ణుంచి అదే హోటల్ లాబీలోకి వెళ్లి తల పైకెత్తండి. డేల్ చిహూలీ అనే గాజు కళాకారుడు చేసిన రెండు వేల గాజు పూలు కప్పుకి వేలాడుతుంటాయి. ఇంకో పాతిక అడుగులేస్తే పూలతోట. ఏడాదికి ఐదుసార్లు మొత్తం పీకేసి కొత్త అలంకారం చేస్తారు. మా అమ్మకి వెగాస్ అంతటిలో నచ్చింది ఇదొక్కటే. బతుకమ్మ పేర్చే మనిషి, గంటసేపు పూల వరసలు లెక్కపెడుతూ నిలబడింది.

వెనీషియన్ హోటల్లో భవనం లోపలే కాలువ, పడవలు, పైన ఆకాశంలా పెయింట్ వేసిన కప్పు. పడవ ఎక్కాలంటే డబ్బు, ఒడ్డున నడవడానికి ఉచితం. పడవవాడు పాడే పాట ఒడ్డున ఉన్నవాళ్లకీ వినిపిస్తుంది కదా, నేనైతే ఎక్కమని చెప్పను.

ఇక స్ట్రిప్ దక్షిణం చివర "వెల్‌కమ్ టు ఫ్యాబులస్ లాస్ వెగాస్" బోర్డు. 1959లో బెట్టీ విల్లిస్ అనే ఆవిడ గీసిన డిజైన్ అది. దాని మీద ఆవిడ హక్కులు రాయించుకోలేదు. అందుకే ప్రతి కీచెయిన్ మీద, ప్రతి కప్పు మీద ఆ బొమ్మ ఉంటుంది. ఫొటోకి క్యూ కడతారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. తమాషా ఏమిటంటే ఆ బోర్డు ఉన్నది లాస్ వెగాస్ నగర హద్దుల్లో కాదు. స్ట్రిప్‌లో ఎక్కువ భాగం ప్యారడైజ్ అనే వేరే ప్రాంతం కిందికి వస్తుంది.

ఒక హెచ్చరిక: రోడ్డు దాటడానికి కట్టిన పాదచారుల వంతెనల మీద ఆగి సెల్ఫీలు తీసుకోవద్దు. 2024 నుంచి అక్కడ ఆగి నిలబడటం నేరం.

వీడియోల్లో చూసిన అగ్నిపర్వతం ఎక్కడుంది?

లేదు. అది మిరాజ్ హోటల్ ముందు కట్టిన ఉత్తుత్తి అగ్నిపర్వతం. ఆ హోటల్‌ని 2024 జులైలో మూసేశారు. ఈ ఊరికి పాతదాన్ని ఉంచుకునే అలవాటు లేదు. ట్రాపికానా హోటల్‌ని అదే ఏడాది అక్టోబరులో పేల్చి పడగొట్టారు, అది కూడా బాణసంచా కాల్చి మరీ. ఐదేళ్ల కిందటి ట్రావెల్ వీడియో నమ్ముకుని ప్లాన్ వేయొద్దు.

స్ఫియర్ లోపలికి వెళ్లాలా, బయటినుంచి చూస్తే చాలా?

366 అడుగుల ఎత్తున్న పెద్ద గోళం అది, 2023 సెప్టెంబరులో తెరిచారు. బయటి ఒళ్లంతా ఎల్ఈడీ దీపాలే. ఒకసారి కన్నులా, ఒకసారి బాస్కెట్‌బాల్‌లా, ఒకసారి చంద్రుడిలా మారుతుంటుంది. ఆ తమాషా అంతా ఉచితమే. లోపల సినిమా లాంటి షో చూడాలంటే మామూలుగా తలకి 100 డాలర్లు పైమాటే. తెర మాత్రం మన తల మీదుగా వంగి వెనక్కి వెళ్తుంది, అలాంటిది ఇంకెక్కడా చూడలేదు. కానీ పై వరసల మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. కళ్లు తిరిగేవాళ్లని, మోకాళ్ల నొప్పులవాళ్లని తీసుకెళ్లేట్టయితే కింది వరసలు తీసుకోండి, లేదంటే బయటి చంద్రుడితో సరిపెట్టుకోండి.

పైనుంచి ఊరంతా చూడాలంటే ఏది ఎక్కాలి?

మూడున్నాయి. హై రోలర్ అనే జెయింట్ వీల్ 550 అడుగులు, ఒక చుట్టుకి అరగంట. 2014లో తెరిచినప్పుడు ప్రపంచంలో అదే పెద్దది, తర్వాత దుబాయ్‌లో అంతకంటే పెద్దది వచ్చింది. పారిస్ హోటల్ ముందు ఉన్న ఈఫిల్ టవర్ అసలు దానిలో సగం, 540 అడుగులు. ఎదురుగా బెలాజియో ఫౌంటెన్లు కనిపిస్తాయి. స్ట్రాట్ టవర్ 1,149 అడుగులు, కానీ స్ట్రిప్‌కి ఉత్తరం కొసన ఒంటరిగా ఉంటుంది.

పెద్దవాళ్లుంటే హై రోలర్. పెట్టె లాంటి గాజుగదిలో కూర్చుని చూడొచ్చు, కదులుతున్నట్టే తెలియదు. సూర్యాస్తమయానికి పావుగంట ముందు ఎక్కితే ఒకే టికెట్‌లో పగలూ రాత్రీ రెండూ అయిపోతాయి.

ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లకి షోలు అర్థమవుతాయా?

సర్క్ డు సొలే అనే సర్కస్ కంపెనీ వాళ్లవైతే భాషతో పనే లేదు. బెలాజియోలో 1998 నుంచి ఆడుతున్న "ఓ" షోకి రంగస్థలమే ఒక నీటి కొలను. మా మావగారు వీధినాటకాలు చూసి పెరిగిన మనిషి, కథ ఏమిటని ఒక్కసారి కూడా అడగలేదు. ట్రెజర్ ఐలండ్‌లో "మిస్టేర్" దానికంటే పాతది, 1993 నాటిది, కాస్త చవక కూడా. కామెడీ షోలు, హిప్నాటిజం షోలు మాత్రం భాష రాకపోతే శిక్షే. పైగా వాటిలో కొన్ని అమ్మానాన్నల పక్కన కూర్చుని చూసేవి కావు. వయసు పరిమితి చూసి టికెట్ కొనండి.

దారిలో ఎవరైనా "ఉచితంగా షో టికెట్లు" అంటే నవ్వి ముందుకి నడవండి. వాళ్లు టైంషేర్ (ఏడాదిలో కొన్ని రోజులు వాడుకునేలా హోటల్ గదిలో వాటా) అమ్మేవాళ్లు. ఆ టికెట్ కోసం సగం రోజు ఒక గదిలో కూర్చుని వాళ్ల ఉపన్యాసం వినాలి. మా బావమరిది విన్నాడు.

హూవర్ డ్యామ్ చూడటానికి అంత సమయం పెట్టొచ్చా?

తప్పకుండా. ఊరి నుంచి ముప్పావు గంట ప్రయాణం. మన కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఏ పెద్దాయన్ని తీసుకెళ్లినా నాలుగు గంటలు కదలరు.

మా నాన్న సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించినవాడు. హూవర్ డ్యామ్ మీద దిగగానే అటూ ఇటూ చూసి, "ఇంతేనా పొడవు?" అన్నాడు. నిజమే, దాని పొడవు 1,244 అడుగులే. సాగర్ రాతికట్టు ఒక్కటే ఒకటిన్నర కిలోమీటర్లు. "గేట్లేవి?" అన్నాడు తర్వాత. సాగర్‌కి 26 గేట్లు ఎదురుగా వరసగా కనిపిస్తాయి, ఇక్కడ కట్ట మీద అలా ఒక్కటీ కనిపించదు. పిట్టగోడ దగ్గరికి వెళ్లి కిందికి చూశాక మాట ఆగిపోయింది. 726 అడుగులు. సాగర్ ఎత్తు 407 అడుగుల దాకా ఉంటుంది. సన్నటి లోయలో రెండు కొండల మధ్య చీల దిగ్గొట్టినట్టు కట్టారు. వరద నీరు పోవడానికి రెండు పక్కల కొండల్లోంచి సొరంగాలున్నాయి. ఆ దారిన నీళ్లు వదిలింది 1941లో ఒకసారి పరీక్షకి, 1983లో నిజం వరదకి. అంతే. ప్రతి ఆగస్టులో గేట్లెత్తారా లేదా అని టీవీ చూసే మనకి అది వింతగా ఉంటుంది.

వెనక ఉన్న జలాశయం లేక్ మీడ్. కొండల అంచున తెల్లటి చార కనిపిస్తుంది, నీళ్లు ఒకప్పుడు అంతవరకూ ఉండేవన్న గుర్తు. 2022 వేసవిలో నీటిమట్టం 1937లో నింపుతున్నప్పటి స్థాయికి పడిపోయింది. నాన్న ఆ చార చూసి లెక్కలు వేస్తూ నిలబడ్డాడు.

డ్యామ్ మధ్యలో నెవాడా, అరిజోనా సరిహద్దు. రెండు వైపులా నీటి బురుజుల మీద రెండు గడియారాలుంటాయి, చెరో రాష్ట్రం టైమ్ చూపిస్తూ. అరిజోనా వాళ్లు వేసవిలో గడియారం మార్చరు కాబట్టి ఎండాకాలంలో రెండూ ఒకటే, చలికాలంలో గంట తేడా. రెక్కలున్న రెండు కంచు విగ్రహాల కాలివేళ్లు మాత్రం తళతళా మెరుస్తుంటాయి. ముట్టుకుంటే అదృష్టమట. పక్కనే జూదాల ఊరు కదా మరి.

డ్యామ్ మీద నడవడానికి డబ్బు లేదు, పార్కింగ్‌కీ లోపలి టూర్‌కీ ఉంది. పవర్ హౌస్ టూర్ తీసుకోండి. పక్కనున్న ఎత్తైన వంతెన మీదికి నడిచి వెళ్తే డ్యామ్ మొత్తం ఒకే ఫొటోలో వస్తుంది. పొద్దున తొమ్మిదికల్లా చేరుకుంటే ఎండ తప్పించుకోవచ్చు.

వెగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ ఒక్కరోజులో అవుతుందా?

ఏ గ్రాండ్ కాన్యన్ అన్నది ముందు తేల్చుకోవాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

వెగాస్ నుంచి రెండు, రెండున్నర గంటల్లో వెళ్లేది వెస్ట్ రిమ్, అంటే లోయ పడమటి అంచు. అది నేషనల్ పార్క్ కాదు. హువాలపై అనే స్థానిక అమెరికన్ తెగవాళ్ల భూమి, టికెట్లూ వాళ్లవే, నేషనల్ పార్క్ పాస్ చెల్లదు. 2007లో తెరిచిన గాజు వంతెన స్కైవాక్ అక్కడే ఉంది. దాని మీదికి ఫోన్, కెమెరా తీసుకెళ్లనివ్వరు. ఫొటో కావాలంటే వాళ్లే తీసి అమ్ముతారు.

పోస్టర్లలో కనిపించే అసలు గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్. సుమారు 280 మైళ్లు, ఒకవైపే నాలుగున్నర గంటలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావొచ్చని టూర్ బస్సులవాళ్లు చెబుతారు. వస్తారు కూడా. కానీ తొమ్మిది గంటలు బస్సులో, మూడు గంటలు లోయ దగ్గర. అరవై దాటినవాళ్లతో ఆ పని చేయొద్దు. విలియమ్స్‌లోనో టుసయాన్‌లోనో ఒక రాత్రి ఉండండి, సూర్యోదయం చూసి రండి. సౌత్ రిమ్ ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంటుంది, చలికాలంలో మంచు కురుస్తుంది. వెగాస్‌లో వేసుకున్న కాటన్ చొక్కాతో అక్కడ దిగితే వణుకే.

ఇండియా నుంచి వచ్చినవాళ్లుంటే ఇంకో లెక్క ఉంది. 2026 జనవరి 1 నుంచి అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు దాటినవాళ్లు గ్రాండ్ కాన్యన్, జయాన్, బ్రైస్ కాన్యన్ సహా 11 నేషనల్ పార్కుల్లో మామూలు రుసుము మీద తలకి 100 డాలర్లు అదనంగా కట్టాలి, లేదా 250 డాలర్ల వార్షిక పాస్ కొనాలి. అమ్మా నాన్నా ఇద్దరూ రెండు పార్కులు చూస్తే ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి.

హెలికాప్టర్ టూర్లు కూడా ఉన్నాయి. ఎక్కే ముందు అందర్నీ తూకం వేస్తారు. మా ఇంట్లో గొడవ అక్కడే మొదలైంది.

అంత దూరం వద్దు. పూటలో తిరిగొచ్చేది చెప్పండి.

రెడ్ రాక్ కాన్యన్. స్ట్రిప్ నుంచి పడమరగా అరగంట. 13 మైళ్ల వన్‌వే రోడ్డు కొండల చుట్టూ తిప్పి తీసుకొస్తుంది, కారు దిగలేనివాళ్లు కూడా కూర్చున్నచోటినుంచే అన్నీ చూడొచ్చు. అక్టోబరు నుంచి మే చివరిదాకా కారుకి టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. చాలామంది ఇది తెలియక గేటు దాకా వెళ్లి వెనక్కి వస్తారు. అక్కడి ఎరుపు రాళ్లలోని ఇనుము తుప్పు రంగు. బూడిదరంగు సున్నపురాయి వయసులో పెద్దది, కానీ చిన్నదైన ఎర్రరాయి నెత్తి మీద కూర్చుని ఉంటుంది. భూమి పగిలి ఒక పొర మరో పొర మీదికి తోసుకొచ్చిందన్నమాట.

వెళ్లే దారిలో సమ్మర్లిన్ అనే ప్రాంతం తగులుతుంది. హిందూ, జైన దేవాలయం అక్కడుంది. పొద్దున గుడి, తర్వాత రెడ్ రాక్, మధ్యాహ్నానికి గది. పెద్దవాళ్లతో నేను వేసే మొదటి రోజు ప్లాన్ ఎప్పుడూ ఇదే. గుడి చూశాక వాళ్లకి ఊరి మీద కోపం తగ్గుతుంది.

ఇంకాస్త ఓపికుంటే వ్యాలీ ఆఫ్ ఫైర్. ఈశాన్యంగా 50 మైళ్లు, గంట ప్రయాణం, 1935 నాటి స్టేట్ పార్క్. నా ఓటు దీనికే. సాయంత్రపు ఎండలో ఆ రాళ్లు నిప్పుల్లా కనిపిస్తాయి, పేరు ఊరికే రాలేదు. అట్లాట్ల్ రాక్ దగ్గర ఇనప మెట్లెక్కితే రాతి మీద చెక్కిన ప్రాచీన బొమ్మలు కనిపిస్తాయి: గొర్రెలు, మనుషులు, సూర్యుడు. వేసవిలో కొన్ని కాలిబాటలు మూసేస్తారు.

వేసవి సెలవుల్లో వెళ్తున్నాం. ఎండ ఎలా ఉంటుంది?

2024 జులై 7న 120 ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే దాదాపు 49 సెల్సియస్ నమోదైంది. రెంటచింతల, రామగుండం ఎండ చూసినవాళ్లం మాకేంటి అనుకుంటారు. తేడా ఉంది. మన దగ్గర చెమట కారుతుంది, దాహం గుర్తుకొస్తుంది. అక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. మనిషి బాగానే ఉన్నట్టు అనిపించి ఒక్కసారిగా తల తిరుగుతుంది. దాహం వేసినా వేయకపోయినా నీళ్లు తాగాలి. మజ్జిగ ప్యాకెట్ దొరకదు, ఓఆర్ఎస్ పొడి వెంట పెట్టుకోండి. లోపల ఏసీ మాత్రం విపరీతం, పెద్దవాళ్లకి శాలువా ఉండాలి.

జూన్ నుంచి ఆగస్టు దాకా బయట తిరగడం పొద్దున ఏడు నుంచి పది లోపు ముగించాలి. డెత్ వ్యాలీ ఆ నెలల్లో అసలు వద్దు. 1913లో 134 ఫారన్‌హీట్ నమోదై ప్రపంచ రికార్డుగా నిలిచిన చోటు అది.

చల్లగా కావాలంటే మౌంట్ చార్ల్స్‌టన్ వైపు వెళ్లండి. గంటలో పైన్ చెట్ల మధ్య ఉంటారు. జనవరిలో వెళ్తే పిల్లలు మంచులో ఆడుకోవచ్చు.

డౌన్‌టౌన్‌కి వెళ్లాలా?

వెళ్లాలి, కానీ రెండు మ్యూజియంల కోసం. నియాన్ మ్యూజియంలో పాత హోటళ్ల దీపాల బోర్డుల్ని ఆరుబయట పడేసి, కాదు, పేర్చి ఉంచారు. పడగొట్టిన హోటళ్ల పేర్లన్నీ అక్కడున్నాయి. చీకటి పడ్డాక వెళ్లండి, టికెట్ ముందే కొనండి. మాబ్ మ్యూజియం 1933లో కట్టిన పాత ఫెడరల్ కోర్టు భవనంలో ఉంది. ఈ ఊరి హోటళ్ల వెనక మాఫియా డబ్బు ఎలా నడిచిందో చెబుతారు. 1950లో నేరముఠాల మీద సెనేటర్ కెఫావర్ కమిటీ విచారణ జరిపిన కోర్టు గది అక్కడే ఉంది, అందులో కూర్చోవచ్చు.

ఫ్రీమాంట్ స్ట్రీట్ అంటే వీధి మొత్తానికి 1,375 అడుగుల పొడవున ఎల్ఈడీ పందిరి. బాగుంటుంది, కానీ హోరు. పొద్దుపోయేకొద్దీ అరకొర బట్టలవాళ్లు, తాగినవాళ్లు ఎక్కువవుతారు. అమ్మానాన్నలతో అయితే ఏడింటికి వెళ్లి ఎనిమిదిన్నరకి వచ్చేయండి.

అమ్మానాన్నలతో ఇబ్బందిగా ఉండదా?

కొంచెం ఉంటుంది, అబద్ధమెందుకు. స్ట్రిప్ మీద ఈకలు పెట్టుకున్న అమ్మాయిలు ఫొటో దిగుదామంటూ వస్తారు. దిగాక డబ్బు అడుగుతారు. గంజాయి వాసన కూడా వస్తుంది, నెవాడాలో పెద్దవాళ్లకి దాన్ని దుకాణంలో అమ్మడం 2017 నుంచి చట్టబద్ధం. నేను ముందే చెప్పేస్తాను: "నాన్నా, ఇక్కడ అన్నీ కనిపిస్తాయి, మనం ఫౌంటెన్ దాకా నడుద్దాం." ఆశ్చర్యమేమిటంటే మొహమాటపడేది మనమే, వాళ్లు కాదు.

శాకాహారులకి భోజనం సంగతేమిటి?

స్ట్రిప్ మీద ఇడ్లీ కోసం వెతకొద్దు. ఇండియన్ రెస్టారెంట్లు స్ట్రిప్‌కి తూర్పు వైపు వీధుల్లో, యూనివర్సిటీ చుట్టుపక్కల దొరుకుతాయి. స్ప్రింగ్ మౌంటెన్ రోడ్డులోని చైనాటౌన్‌లో థాయ్, వియత్నామీస్ హోటళ్లున్నాయి, అన్నం తినేవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. కూరలో చేపల సాస్ వేయొద్దని చెప్పాలి. మెక్సికన్ హోటళ్లలో బీన్స్ పంది కొవ్వుతో చేస్తారేమో అడగాలి.

బఫేల గురించి అందరూ చెబుతారు. 1940ల్లో ఎల్ రాంచో వెగాస్ హోటల్ మొదలుపెట్టిన ఆ అలవాటు ఒకప్పుడు చవక. 2020 తర్వాత చాలావరకు మూతపడ్డాయి, మిగిలిన పెద్దవాటిలో రాత్రి భోజనం తలకి 80 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. పీతలు, మాంసం తినేవాళ్లకి గిట్టుబాటు. పప్పన్నం మనిషికి అంత పెట్టి సలాడ్, పైనాపిల్ ముక్కలు తినిపించడం నాకు మనసొప్పదు.

మేం మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చపాతీలు, పచ్చళ్లు, పెరుగు తీసుకెళ్తాం. గదుల్లో మైక్రోవేవ్ సాధారణంగా ఉండదు. ఇంకో మాట: గదిలోని మినీబార్ ఫ్రిజ్‌లో మీ పెరుగు పెట్టడానికి వాళ్ల సీసాలు జరపకండి. చాలాచోట్ల సెన్సర్ ఉంటుంది, సీసా కదిలితే బిల్లు పడుతుంది. మాకు ఆ పెరుగు డబ్బా 38 డాలర్లు పడింది. రిసెప్షన్‌లో పావుగంట వాదిస్తే తీసేశారు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎలా తిరగాలి?

అక్కడ దూరం మోసం చేస్తుంది. భవనాలు ఎంత పెద్దవంటే, ఎదురుగా ఉన్నట్టు కనిపించే హోటల్ పావుగంట నడక. వీల్‌చెయిర్ అడగడానికి మొహమాటపడొద్దు, హోటల్లోనే అద్దెకి దొరుకుతుంది. సహారా నుంచి ఎంజీఎం గ్రాండ్ దాకా మోనోరైల్ ఉంది కానీ స్టేషన్లు హోటళ్ల వెనక పెరట్లో ఉంటాయి, అక్కడికి చేరేసరికే ఓపిక అయిపోతుంది. ఎయిర్‌పోర్టుకి అది వెళ్లదు. డ్యూస్ అనే డబుల్ డెక్కర్ బస్సు రోజంతా తిరుగుతుంది, పై అంతస్తు ముందు సీటు దొరికితే అదే చవక టూర్. మాండలే బే నుంచి ఎక్స్‌కాలిబర్ దాకా, పార్క్ ఎంజీఎం నుంచి బెలాజియో దాకా ఉచిత ట్రామ్‌లున్నాయి.

గది 60 డాలర్లకే చూపిస్తోంది. నిజమేనా?

దాని మీద రిసార్ట్ ఫీ ఉంటుంది, రోజుకి 40, 50 డాలర్లు. పార్కింగ్ కూడా చాలాచోట్ల విడిగా. 2025 మే నుంచి మొత్తం ధర ముందే చూపించాలని అమెరికా ప్రభుత్వ నియమం వచ్చింది కాబట్టి ఇప్పుడు మోసం తగ్గింది. ఆదివారం నుంచి గురువారం దాకా చవక. జనవరిలో సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, నవంబరులో ఫార్ములా వన్ రేసు ఉన్న వారాల్లో అదే గది మూడింతలు. మార్చి, ఏప్రిల్, అక్టోబరు మంచి నెలలు. లాస్ ఏంజెలెస్ వైపు కారులో తిరిగి వెళ్లేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం మాత్రం బయల్దేరొద్దు.

ఆఫీసు కాన్ఫరెన్సుకి వెళ్తున్నాను. రెండు సాయంత్రాలే ఖాళీ.

అమెజాన్ క్లౌడ్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ రీ:ఇన్వెంట్ సదస్సు అయ్యుంటుంది, మనవాళ్లు సగం మంది ఆ పేరు మీదే వెగాస్ చూస్తారు. మొదటి సాయంత్రం బెలాజియో నుంచి వెనీషియన్ దాకా నడక. రెండో సాయంత్రం నియాన్ మ్యూజియం. చివరి రోజు ఫ్లైట్ సాయంత్రమైతే నలుగురు కలిసి కారు తీసుకుని పొద్దున్నే రెడ్ రాక్. స్పాన్సర్ల పార్టీలకి వెళ్తే ఈ మూడూ పోతాయి.

గంటలో పెళ్లి చేసుకోవచ్చంటారు, నిజమా?

నిజమే. క్లార్క్ కౌంటీ లైసెన్స్ ఆఫీసు వారంలో ఏడు రోజులూ పొద్దున ఎనిమిది నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. ముహూర్తం ఎప్పుడున్నా పర్లేదు.

అసలు ఒక్కసారి కూడా ఆడకూడదా?

మీ ఇష్టం. పోయినా బాధపడని ఒక నోటు విడిగా పెట్టుకోండి, పాస్‌పోర్టు వెంట ఉంచుకోండి. మా అమ్మ ఆఖరి రోజు, బ్యాగులు సర్దేశాక, "అదేదో ఒకసారి నొక్కుతానురా" అంది. ఒక డాలర్ పెట్టాను. నాలుగైదు సార్లు నొక్కింది, దీపాలు వెలిగాయి, పాటలు వచ్చాయి. చివరికి 40 సెంట్లు మిగిలాయి. ఇప్పుడు మెషీన్లు నాణేలు ఇవ్వవు, కాగితం చీటీ ఇస్తాయి. దాన్ని కౌంటర్‌లో ఇచ్చి డబ్బు తెస్తానంటే వద్దంది. ఆ చీటీ ఇప్పుడు ఆవిడ లలితా సహస్రనామం పుస్తకంలో, ఎక్కడిదాకా చదివిందో గుర్తుగా ఉంది.